నలభైల్లో గేమింగ్: ఏది కొనాలి, అసలు కొనాలా?

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు, "ఏమండీ, పీఎస్5 తీసుకోవచ్చా, లేక గేమింగ్ ల్యాప్‌టాప్ బెటరా" అని. పీఎస్5 అంటే సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్, అలాంటివాటినే కన్సోల్ అంటారు. గొంతు ఎందుకు తగ్గించాడంటే పక్క టేబుల్లో జూనియర్లున్నారు, ఆయనకి 43, ఇద్దరు పిల్లలు. అదే కారు గురించో ఎయిర్ ఫ్రయర్ గురించో అయితే క్యాంటీన్ అంతా వినేలా అడిగేవాడు, నలుగురూ నాలుగు సలహాలిచ్చేవాళ్లు.

నేను తిరిగి రెండు ప్రశ్నలు అడిగాను. రాత్రి ఎన్నింటికి మీరు ఖాళీ అవుతారు? మీ హాల్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? జోక్ చేస్తున్నాననుకుని నవ్వాడు. నిజానికి ఈ రెంటికీ జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

యూట్యూబ్‌లో పోలికలన్నీ 4కే, 120 ఎఫ్‌పీఎస్, టెరాఫ్లాప్స్ లాంటి బొమ్మ నాణ్యత, స్పీడు అంకెల చుట్టూ తిరుగుతాయి. హాస్టల్లో ఉండే 20 ఏళ్ల కుర్రాడికి అవి చాలు, రాత్రంతా వాడిదే. మనకి దొరికేది ముప్పావుగంట, అందులో మూడుసార్లు లేవాలి. పాలు పొంగుతాయి, నాన్నగారికి మాత్ర ఇవ్వాలి, పిల్ల నిద్రలో పిలుస్తుంది. కాబట్టి నేను ఏ వస్తువుని చూసినా మూడే విషయాలు చూస్తాను: ఎంత తొందరగా మొదలవుతుంది, ఉన్నపళంగా ఆపేసి మళ్లీ అక్కడి నుంచే అందుకోవచ్చా, ఎవరి స్క్రీన్ లాక్కోవాలి. బొమ్మ ఎంత బాగుంటుందనేది నాలుగోది.

ముందు మీ వారం లెక్క వేసుకోండి

నాదైతే మామూలు రోజుల్లో రెండు రాత్రులు ముప్పావుగంట చొప్పున, శనివారం రెండు గంటలు. మొత్తం మూడున్నర గంటలు, అదీ చుట్టాలు రాకపోతే. ది విచర్ 3 అనే పెద్ద కథల గేమ్‌లో అసలు కథ ఒక్కటే పూర్తి చేయడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. అంటే 14 వారాలు. పక్క కథలు కూడా ముట్టుకుంటే (ముట్టుకోకుండా ఉండలేం, సగం మజా అందులోనే ఉంది) సంక్రాంతికి మొదలుపెట్టింది వినాయకచవితి దాకా సాగినా ఆశ్చర్యం లేదు. మధ్యలో పెళ్లిళ్లొచ్చి రెండు వారాలు గ్యాప్ వస్తే తిరిగి కూర్చునేసరికి ఏ బటన్ నొక్కితే కత్తి తీస్తాడో గుర్తుండదు, ఈ ముసలాయన ఎవరో, నన్నెందుకు తిడుతున్నాడో అర్థం కాదు. అలాగని పెద్ద గేములు వద్దని కాదు, ఒకేసారి ఒకటే పెట్టుకోండి. సేల్‌లో 12 కొని లైబ్రరీలో వరసగా పేర్చుకున్నవాళ్లని నేను చాలామందిని చూశాను, అందులో నేనొకణ్ణి.

ఈ లెక్కలోకి రాని శత్రువు ఇంకొకటుంది, అప్‌డేట్. రెండేళ్ల కిందట ఒక శనివారం, ఇంట్లో అందరూ ఊరెళ్లారు, నాకు మొత్తం సాయంత్రం దొరికింది. మిర్చి బజ్జీలు తెచ్చుకున్నాను, టీ పెట్టుకున్నాను, కంట్రోలర్ చేతిలోకి తీసుకుని గేమ్ నొక్కాను. 60 జీబీ అప్‌డేట్ అంది. మా ఇంట్లో అప్పుడు 40 ఎంబీపీఎస్ కనెక్షన్, ఫుల్ స్పీడ్ వచ్చినా మూడు గంటల 20 నిమిషాలు. నీలం గీత ఒక్కో శాతం పాకుతుంటే చూస్తూ బజ్జీలన్నీ తినేశాను, 92 దగ్గర సోఫాలోనే నిద్రపోయాను. తప్పు నాదే, వాడనప్పుడు కన్సోల్‌ని స్విచ్ దగ్గర ఆపేసేవాణ్ణి, కరెంటు ఆదా అని. రెస్ట్ మోడ్‌లో (పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చినట్టు) వదిలితే రాత్రుళ్లు తనే అప్‌డేట్ చేసుకుంటుందని ఆ తర్వాత తెలిసింది.

ఫోన్, పాత ల్యాప్‌టాప్

ఫోన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అది అందరి జేబులోనూ ఉంది, ఖర్చు సున్నా. మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా చెస్ ఆడుకోవడానికి దాన్ని మించింది లేదు. లిచెస్ అనే చెస్ యాప్ పూర్తిగా ఉచితం, యాడ్స్ కూడా ఉండవు. నాకు ఫోన్‌తో పేచీ రెండు చోట్ల. ఆఫీసు మెసేజ్ సరిగ్గా ఆట మధ్యలో నెత్తిన పడుతుంది, దాంతో ఆటా పోతుంది, ఆడే మూడ్ కూడా పోతుంది. రెండోది, ఫ్రీ అని దించుకున్న గేముల్లో చాలావాటికి మీరు ఆడటం కన్నా మీరు విసుగెత్తడమే ముఖ్యం, విసుగెత్తితే 89 రూపాయలు కట్టి ముందుకెళ్తారని. ఒకసారి డబ్బు కట్టేసి ప్రశాంతంగా ఆడుకునేవీ ఉన్నాయి. మాన్యుమెంట్ వ్యాలీ అలాంటిది, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది, కళ్లకి హాయి. స్టార్‌డ్యూ వ్యాలీ ఫోన్‌లో కూడా ఉంది.

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఒక్క మాట. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ నిషేధం, 2021లో బీజీఎంఐగా తిరిగి రావడం, 2022 జులైలో మళ్లీ మాయమవడం, 2023 మేలో మళ్లీ రావడం, ఇదంతా చూశాం. అలాంటి గేమ్‌లో స్కిన్‌ల (పాత్రలకీ తుపాకులకీ వేసే వేషాల) మీద వేలు తగలేసే ముందు ఆ చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని మాత్రం జనం మరీ తక్కువగా చూస్తారు. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, ఏడెనిమిదేళ్ల కిందటి ఐ5 ప్రాసెసర్ అయినా, పోర్టల్ 2 ఆడొచ్చు, స్లే ద స్పైర్ ఆడొచ్చు, ఇన్‌టు ద బ్రీచ్ ఆడొచ్చు. సెట్టింగులు కిందకి దించితే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త ఎడిషన్ కూడా నడిచే అవకాశముంది. 2003లో నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలిచ్చి దొంగ కాపీలు ఆడిన మనం ఇప్పుడు ఒక్క సేల్‌లో 300కి అసలైనది కొనుక్కోవచ్చు, అదో తృప్తి. స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొని నచ్చకపోతే, 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగిచ్చేస్తారు. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఉచితంగా గేములు పంచుతూనే ఉంది. ఒక్క జాగ్రత్త, ఆ పాత ల్యాప్‌టాప్ కంపెనీది కాకూడదు. ఐటీ వాళ్లకి అన్నీ కనిపిస్తాయి.

అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది, నెల రోజులు ఉన్నదాంట్లోనే ఆడి చూడండి. నెలలో నాలుగుసార్లు కూడా కూర్చోలేకపోతే 50 వేల బాక్సు తెచ్చినా కూర్చోలేరు.

గేమింగ్ ల్యాప్‌టాపా, కన్సోలా

ఎక్కువమంది కొట్టుకునేది ఇక్కడే. ల్యాప్‌టాప్ వైపు వాదన బలంగానే వినిపిస్తుంది: ఆఫీసు పనికీ పనికొస్తుంది, పిల్లల చదువుకీ పనికొస్తుంది, గేములు చవక, ఆన్‌లైన్‌లో ఆడటానికి నెలనెలా కట్టక్కర్లేదు. ఇంట్లో ఒప్పించడానికైతే ఇంతకన్నా మంచి సాకు లేదు, "వర్క్ కోసం" అంటే అయిపోయింది. నేనూ అదే చెప్పి 80 వేలు పెట్టి కొన్నాను. సరిగ్గా వారంటీ అయిపోయిన రెండో నెలలో ఫ్యాన్ గరగరమంది, సర్వీస్ సెంటర్ వాళ్లు ఐదు వారాలు ఉంచుకుని మదర్‌బోర్డు అన్నారు, అది మారిస్తే కొత్తదానిలో సగం ధర. ఏ కంపెనీయో చెప్పను, పక్క కంపెనీ వాడి కథ కూడా ఇలాగే ఉంటుందని తర్వాత తెలిసింది.

అది పక్కన పెడితే, ల్యాప్‌టాప్‌లో నాకు అసలు ఇబ్బంది వేడీ చప్పుడూ. పెద్ద గేమ్ పెడితే ఫ్యాను మిక్సీలా మోగుతుంది, పక్క గదిలో పిల్ల లేస్తుంది. బ్యాటరీ మీద గేమ్ ఆడితే గంటో గంటన్నరో, పైగా స్పీడు తగ్గుతుంది, కాబట్టి ఎప్పుడూ ప్లగ్ పక్కనే. ఇంకో సంగతి, రోజంతా అదే కుర్చీలో అదే స్క్రీన్ ముందు పని చేసి రాత్రి మళ్లీ అక్కడే కూర్చోవాలంటే నడుము ఒప్పుకోదు. విండోస్‌లో గేమ్ మధ్యలో మూత వేసి తర్వాత తెరిస్తే ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి క్రాష్. ముప్పావుగంట వాడికి ఆ జూదం పనికిరాదు. అయినా సరే, సివిలైజేషన్ లాంటి స్ట్రాటజీ గేములే మీ ప్రాణమైతే, మౌస్ లేకుండా బతకలేకపోతే, ఇంకేం ఆలోచించకండి, పీసీయే. టేబుల్‌కి చోటుంటే ల్యాప్‌టాప్ బదులు డెస్క్‌టాప్. పాడైన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఆ ముక్క సాయంత్రానికి దొరుకుతుంది.

కన్సోల్ అంటే మన దగ్గర ప్రధానంగా పీఎస్5. మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చింది, అప్పట్లో డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్ 49,990. ఆ తర్వాత ధర పెరిగింది, పండగ ఆఫర్లలో కాస్త దిగుతుంటుంది, ఆ సీజన్ దాకా ఆగితే నష్టం లేదు. దీని గొప్పతనమంతా బటన్ నొక్కి సోఫాలో కూలబడటంలో ఉంది. రెస్ట్ మోడ్‌లో పెడితే చాలా గేములు ఆపిన క్షణం నుంచే మొదలవుతాయి. అయితే రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోతే మర్నాడు "సరిగా ఆపలేదు" అని చీవాట్లు పెట్టి చెకింగ్ మొదలెడుతుంది. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉన్నా మారే ఆ కొన్ని సెకన్లు చాలు దానికి. చిన్న యూపీఎస్ పెట్టుకోండి, లేదా కరెంటు తరచుగా పోయే ఊళ్లో ఉంటే పూర్తిగా ఆపడమే మేలు.

కరెంటు బిల్లు అని భయపడేవాళ్లున్నారు. పెద్ద గేమ్ నడుస్తున్నప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు లాగుతుంది, అంటే ఐదు గంటలకి ఒక యూనిట్. నాలా వారానికి మూడున్నర గంటలైతే నెలకి మూడు యూనిట్లు. ఏసీ ముందు ఇదెంత.

డిస్క్ ఉన్నదా, డిజిటల్‌దా? డిజిటల్ మోడల్లో డిస్క్ పెట్టే చోటుండదు, గేములు డౌన్‌లోడ్ చేసుకోవడమే. డిస్క్ ఉన్నదే, నా మాట వినండి. కొత్త పెద్ద గేమ్ ఐదు వేలకి అటూ ఇటూ ఉంటుంది. నేను ఆర్నెల్లు ఆగి సెకండ్ హ్యాండ్ డిస్క్ 1,800కి కొంటాను, అయిపోగానే 1,500కి అమ్మేస్తాను. ఆట నాకు 300 పడింది. డిజిటల్ కాపీ అయితే అమ్ముకోలేం. ఈ కొనుగోళ్లలో అవతలివాళ్లు కూడా 90 శాతం మనలాంటివాళ్లే, ఒకాయన కూకట్‌పల్లిలో స్కూటర్ మీద వచ్చి డిస్క్ ఇస్తూ "చివరి బాస్ దగ్గర ఓపిక పట్టండి సార్" అని చెప్పి మరీ వెళ్లాడు, బాస్ అంటే గేమ్‌లో ఓడించాల్సిన పెద్ద శత్రువు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్, చిన్నది, చప్పుడు ఉండదు, డిస్క్ స్లాట్ ఉండదు. దాని క్విక్ రెజ్యూమ్ మాత్రం అద్భుతం, మూడు నాలుగు గేములు సగంలో వదిలేసినా ఒక్కోదాన్ని ఎక్కడ వదిలామో అక్కడే తెరుస్తుంది. ఒకప్పుడు దీన్ని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి, నెలనెలా కట్టి వందల గేములు ఆడుకునే గేమ్ పాస్ చందా అంత చవక కాబట్టి. 2025 అక్టోబరులో దాని పెద్ద ప్లాన్ అల్టిమేట్ ధర అమెరికాలో 20 డాలర్ల నుంచి 30కి పోయింది, మన దగ్గరా పెంచారు. నెలకి 14 గంటలు ఆడేవాడికి వందల గేముల చందా ఎందుకు? బఫేకి వెళ్లి రెండు ఇడ్లీ తిన్నట్టుంటుంది.

చేతిలో పట్టుకునేవి

హ్యాండ్‌హెల్డ్ అంటే స్క్రీనూ బటన్లూ ఒకే దాంట్లో ఉన్న చేతి మెషీన్. నా దగ్గర ఇప్పుడు ఎక్కువ పని చేసేది ఇదే, కాబట్టి పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నా. టీవీలో సీరియల్ నడుస్తుంటుంది, అదే సోఫాలో మా ఆవిడ పక్కన కూర్చుని నేను నా ఆట ఆడుకుంటాను, ఎవరి రిమోటూ లాక్కోలేదు, వేరే గదిలోకి పోయి తలుపేసుకున్నానన్న మాటా లేదు. స్టీమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్‌లో పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే గేమ్ గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. మూడు రోజుల తర్వాత నొక్కినా కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉంటాడు. కుక్కర్ మూడో కూతకి ఆపి, స్టవ్ కట్టేసి వచ్చి మళ్లీ అందుకోవచ్చు.

చిక్కేమిటంటే వాల్వ్ దాన్ని మన దేశంలో నేరుగా అమ్మదు. ఇక్కడ దొరికేదంతా బయటి నుంచి తెచ్చింది, ధర ఎక్కువ, వారంటీ అంటే షాపువాడి మాటే. ఇంకో హ్యాండ్‌హెల్డ్, నింటెండో స్విచ్‌దీ అదే కథ, 2017 నుంచీ అంతే. డాలస్ నుంచి వచ్చే బావమరిదితో తెప్పించుకునేవాళ్లు చాలామంది. చార్జర్‌కి ఇబ్బంది లేదు, 240 వోల్టులకీ పనిచేస్తుంది, గేములు కూడా ఏ దేశానివైనా నడుస్తాయి. పాడైతే మాత్రం మళ్లీ బావమరిదే దిక్కు. మన దగ్గర బిల్లుతో, వారంటీతో కావాలంటే అసుస్ రాగ్ అలై (ROG Ally) అనే హ్యాండ్‌హెల్డ్ 2023లో 69,990కి వచ్చింది, ఆ తర్వాత అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. పవర్ బాగుంటుంది, కానీ లోపల విండోస్ కాబట్టి ఆపి అందుకోవడంలో డెక్ అంత నమ్మకం లేదు.

ఇక్కడ నలభై దాటినవాళ్లకి మాత్రమే అర్థమయ్యే సంగతి ఒకటుంది, చత్వారం. ఏడంగుళాల స్క్రీన్ మీద చీమల్లాంటి అక్షరాలు. నేను డైలాగులు చదవడానికి మెషీన్‌ని చాచిన చేతి దూరం పెట్టి ఆడుతుంటే మా అమ్మాయి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. కొనేముందు మీరు ఆడాలనుకున్న గేమ్‌లో అక్షరాల సైజు పెంచే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే టీవీకే వెళ్లండి. అలాగే ఫస్ట్ పర్సన్ గేములు (పాత్ర కళ్లతోనే అంతా చూసేవి) ఆడితే కొందరికి ఇప్పుడు కడుపులో తిప్పుతుంది, కాలేజీ రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ రాత్రంతా ఆడినవాళ్లకి కూడా. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (స్క్రీన్ మీద ఎంత వెడల్పు కనిపించాలనే సెట్టింగ్) కాస్త పెంచి చూడండి, తగ్గకపోతే ఆ రకం గేములు వదిలేయండి, మొండికెయ్యకండి.

ఏ మెషీన్ అయినా, ఏ గేమ్?

పాజ్ బటన్ ఉందా లేదా, నా మొదటి వడపోత అదే. ఎల్డెన్ రింగ్ గొప్ప గేమ్, కాదనను, కానీ మామూలుగా పాజ్ ఉండదు. అరగంట కష్టపడి బాస్‌ని చావు దాకా తెచ్చాను, కాలింగ్ బెల్ మోగింది. గ్యాస్ సిలిండర్. ఓటీపీ చెప్పమన్నాడు, ఫోన్ కోసం లోపలికొచ్చాను, స్క్రీన్ మీద నా మనిషిని ఆ రాక్షసుడు తొక్కుతున్నాడు. నాలుగు అంకెలు చదివేలోపు పోయాడు. ఆన్‌లైన్ పోటీ గేములు ఇంకా ఘోరం. వాలరెంట్ ఒక మ్యాచ్ 35, 40 నిమిషాలు, మధ్యలో లేస్తే టీమ్‌లో మిగతా నలుగురు తిడతారు, పెనాల్టీ కూడా పడుతుంది. పాత ఫ్రెండ్స్ ఐదుగురూ శనివారం రాత్రి కలుస్తామంటే సరే, అది ఆట కన్నా కబుర్ల కోసం. మామూలు రోజుల్లో వద్దు. హేడిస్ లాంటివి మనకి సరిగ్గా అతుకుతాయి, ఒక్కో రౌండ్ అరగంట, ఎక్కడైనా ఆపొచ్చు.

భార్యాభర్తలు కలిసి ఆడేదానికి ఇట్ టేక్స్ టూ చూడండి. ఇద్దరు లేనిదే నడవదు, ఒక్క కాపీ చాలు. ఎప్పుడూ కంట్రోలర్ పట్టనివాళ్లకి మొదటి గంట కెమెరా తిప్పడమే రాదు, నవ్వకండి, నేను నవ్వి వారం నష్టపోయాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో అయితే స్విచ్, అందులో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే రేసింగ్ గేమ్. స్మార్ట్ స్టీరింగ్ ఆన్ చేస్తే చిన్నవాళ్లు రోడ్డు దాటి పోరు, మన చేతిలో వాళ్లు, వాళ్ల చేతిలో మనం ఓడుతుంటాం.

ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడితే వాళ్లని తప్పు పట్టకండి. పేపర్లో "ఆన్‌లైన్ గేమ్స్‌కి బలి" అని వచ్చేవాటిలో చాలావరకు రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటి మీద నిషేధం తెచ్చాయి, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. మా మామగారికి నేను చెప్పింది ఒకటే, ఇది క్యారమ్ బోర్డు లాంటిది మామయ్యా, ఒకసారి కొన్నాం, ఇందులో గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. ఆ మాట నిజంగా ఉండాలంటే ఫుట్‌బాల్ గేముల్లో ప్లేయర్ ప్యాక్‌ల లాంటి వాటికి కార్డు కలపకండి, ప్యాక్ తెరిస్తే ఎవరొస్తారో తెలియదు, అది లాటరీకి పిన్నికూతురే.

లంచ్ దగ్గర అడిగినాయనకి చివరికి ఏం చెప్పానంటే, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత హాలు ఆయనదే కాబట్టి డిస్క్ ఉన్న పీఎస్5, కొత్తది కాదు, పాతది. అదే ఆయన ఇంట్లో టీవీ పదకొండు దాకా ఖాళీ ఉండకపోతే హ్యాండ్‌హెల్డ్ చెప్పేవాణ్ణి. నెలంతా ప్రయాణాలు చేసే ఉద్యోగమైనా అదే. పాతది కొనేటప్పుడు అమ్మేవాడి ఇంట్లోనే టీవీకి పెట్టి చూడమన్నాను: డిస్క్ తీసుకుంటోందా, పావుగంట నడిచాక ఫ్యాన్ అరుస్తోందా, ఇంకా వాళ్ల అకౌంట్ లోపల ఉండిపోయిందా. తర్వాత కంట్రోలర్ టేబుల్ మీద పెట్టి చేతులు తీసేయాలి, ఎవరూ ముట్టుకోకుండా స్క్రీన్ మీద మనిషి తనంతట తను పక్కకి నడుస్తుంటే మనిషిని నడిపే స్టిక్ పాడైనట్టు. కొత్త కంట్రోలర్ ఐదారు వేలు, అది ధరలో తగ్గించమని అడగాలి. ఆదివారం వెళ్లి చూశాడట, మనిషి పక్కకి నడిచాడట, నాలుగు వేలు తగ్గించారట.